పొట్టు ఉడికిన నీళ్లు

బావ ఆటోలోనే పోయాడు. సోమవారం ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతం. ఊరి నుంచి కాశీబుగ్గ వస్తున్నాం. డయాలసిస్‌లో ఆయన వంతు పది గంటలకు. ఒక పక్క అక్క, ఒక పక్క నేను, మధ్యలో ఆయన. జీడితోటలు దాటి తారురోడ్డు ఎక్కేసరికి కాళ్లు బరువుగా ఉన్నాయన్నాడు.

"కాల్లల్లో ఇసక పోసినట్టుంది బావా."

నేను ఆయన బావమరిదిని. మా వైపు ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. అక్క వంగి ఆయన మోకాళ్ల కింద ఒత్తుతూ కూర్చుంది. కాసేపటికి ఆయన తల నా భుజం మీదికి వాలింది. డయాలసిస్‌కు వెళ్లే రోజుల్లో దారిలో కునుకు తీయడం ఆయనకు అలవాటు కనుక నేను కదలకుండా కూర్చున్నాను. అక్క రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలిచినప్పుడు ఆటో డ్రైవరు అద్దంలోంచి చూసి, బండి పక్కకు తీసి, దిగి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వెళ్లి ఇంజను ఆపేశాడు.

తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు చూసి, దారిలోనే అయిపోయిందని చెప్పాడు. అదే ఆటోలో వెనక్కి తెచ్చాం. సాయంత్రం సముద్రం వైపు సరుగుడు తోట పక్కన దహనం చేశారు. ఆ ఏడాది ఊళ్లో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లలో ఈయన ఎన్నోవాడని అక్కడికి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టబోయారు. ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోక మధ్యలో మానేశారు.

అప్పటికి ఎవరికీ ఏ అనుమానమూ లేదు. ఉద్దానంలో కిడ్నీ రోగి చనిపోతే ఎందుకు పోయాడని అడగరు. అడగవలసిన అవసరం అక్కకు పదహారో రోజున వచ్చింది. అదెలా వచ్చిందో చెప్పాలంటే ముందు పనసచెట్ల సంగతి, ఆ పైన నీళ్ల సంగతి చెప్పాలి.

తిత్లీ తుపానుకు ముందు బావ తోటలో పదకొండు పనసచెట్లు ఉండేవి. కొబ్బరి, జీడి మధ్యలో అక్కడొకటి, ఇక్కడొకటి. తెల్లారి చూస్తే మూడే నిలబడి ఉన్నాయి. మిగిలినవి వేళ్లతో సహా పైకి లేచి పడ్డాయి. అంత పెద్ద చెట్లకు ఆ ఇసుకనేలలో వేళ్లు అంత లోతు పోలేదన్నది అప్పుడే చూశాం. కలప కొనేవాళ్లు వచ్చి ముక్కలు చేసి పట్టుకెళ్లాక, బావ ఆ గోతుల్లోనే మళ్లీ పనస పిక్కలు పెట్టాడు. పండు కోసిన వారంలోపు పిక్కను మట్టిలో పెట్టాలని, ఎండితే మొలవదని, మొలిచాక చోటు మారిస్తే తల్లివేరు దెబ్బతింటుందని ఆయనకు తెలుసు. అందుకని సంచుల్లో పెంచే పని పెట్టుకోకుండా నేరుగా గోతిలోనే పెట్టి, చుట్టూ కొబ్బరిమట్టల దడి కట్టాడు. మొక్కలు నడుము ఎత్తు వచ్చిన ఏడాది ఆయనకు క్రియాటినిన్ పెరిగిందని తేలింది. వాటి కాపు తను చూడనని చెప్పేవాడు. అది ఏడుపుగా చెప్పేవాడు కాదు, వాన పడదని చెప్పినట్టు చెప్పేవాడు.

మిగిలిన మూడు చెట్లే వాళ్లకు ఆధారం. పనసచెట్టు మొదలు దగ్గర కాసిన కాయ తియ్యగా ఉంటుంది, కొమ్మల్లో కాసింది కూరకు బాగుంటుంది. చిక్కుడుకాయంత పిందె నుంచి మోయలేనంత కాయ దాకా ఒకే చెట్టు మీద ఒకేసారి ఉంటాయి. పై కాయ కొయ్యాలంటే ఒకరు ఎక్కి తొడిమకు తాడు కట్టాలి, కింద ఒకరు తాడు పట్టుకుని నెమ్మదిగా దించాలి. కింద పడితే పగులుతుంది. పగిలిన కాయ బేరానికి పనికిరాదు. బావ చెట్టెక్కడం మానేశాక, కంచిలి వైపు నుంచి కూలికి వచ్చే మనిషి ఒకడు ఎక్కేవాడు. బావ కింద తాడు పట్టుకునేవాడు. ఎడమచేతికి డయాలసిస్ కోసం ఆపరేషన్ చేశారు కనుక ఆ చేత్తో బరువు పట్టకూడదు. కుడిచేతికి తాడు రెండు చుట్లు చుట్టుకుని నిలబడేవాడు.

పండేదాకా చెట్టు మీద ఉంచరు. మా తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. పనసపండు వాసన వాటిని ఎంత దూరం నుంచైనా లాక్కొస్తుంది. వైశాఖం వచ్చిందంటే ఒంటరిగా తోటకు వెళ్లకూడదన్నది ఆ ఊళ్లో అందరూ పాటించే కట్టుబాటు. ఇద్దరైనా వెళతారు. వెళ్లేవాళ్లు ఖాళీ డబ్బా ఒకటి పట్టుకుని, దాన్ని కర్రతో కొడుతూ లోపలికి వెళతారు.

అక్క వ్యాపారం పనసపొట్టు. లేతకాయను చేతికి నూనె రాసుకుని, ముళ్లచెక్క తీసి, ముక్కలు చేసి, చెక్కపీట మీద పెట్టి కత్తితో కొట్టాలి. కత్తి పడే చప్పుడు ఎక్కడా తప్పకూడదు. అక్క కొట్టిన పొట్టు దారపు పోగుల్లా ఉండేది. కాశీబుగ్గలో పొట్టు చేసే మిషన్లు వచ్చాయి. అందులో పడితే పొట్టు కాదు, పేడ వస్తుందనేది. ఆ మాట మిషన్ పెట్టుకున్న వ్యాపారి ముందే అనేది. అతను నవ్వి, నీ చెయ్యి పడిపోయాక నా దగ్గరికే వస్తావులే అనేవాడు.

పొట్టు గాలికి నల్లబడుతుంది. ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లు సగం ఉడికించి నీళ్లు పిండి ఇస్తే బాగుంటుందని అడగడంతో, అక్క ఇంట్లోనే పసుపు వేసి ఉడికించి, గుడ్డలో వార్చి, పిండి, పొట్లాలు కట్టి కాశీబుగ్గ సంతకు తేవడం మొదలుపెట్టింది. కొన్నవాళ్లు ఇంటికెళ్లి ఆవముద్ద, చింతపండు, పోపు వేసుకుంటే కూర అయిపోతుంది. కొనేవాళ్లందరూ ఒకటే ప్రశ్న అడిగేవాళ్లు. ఏ నీళ్లతో ఉడికించావు?

అది అడగవలసిన ప్రశ్నే. ఉద్దానం బావుల్లో ఏముందో ఎవరూ తేల్చలేదు. నేను పత్రికలో ఉన్నన్నాళ్లూ నీళ్ల నమూనాలు తీసుకెళ్లినవాళ్ల గురించి రాశాను, ఏం తేలిందో రాసే అవకాశం మాత్రం రాలేదు. తేలేదాకా జనం ఊరుకోరు కదా. నోట్లోకి పోయే ప్రతి చుక్కా బండి మీద వచ్చే, కొనుక్కున్న టిన్ను నీళ్లే అయి ఉండాలని ఇంటింటా నిర్ణయించుకున్నారు. అప్పటికి కుళాయి లైను అక్క వాళ్ల వీధి చివరిదాకా రాలేదు. బావి నీళ్లు స్నానానికి, గిన్నెలకు. టిన్ను నీళ్లు తాగడానికి, వంటకు, పొట్టుకు. అక్క సంతలో టిన్ను మూత చూపించి మరీ అమ్మేది.

కొన్న నీళ్లు ఎవరూ పారబొయ్యరు. పొట్టు వార్చిన నీళ్లు పసుపుపచ్చగా, కాస్త జిగటగా, పనస వాసనతో ఉంటాయి. వాటిలో చింతపండు పిసికి, మిరపకాయలు, ఆవాలు వేసి చారు కాస్తే అన్నంలోకి ఇంకేమీ అక్కర్లేదు. మా అమ్మా అలాగే కాచేది, అక్క అత్తా అలాగే కాచేది. అయితే వాళ్ల రోజుల్లో అది బావి నీళ్లు. పారబోసినా పోయేదేమీ లేదు. రుచికి కాచుకునేవాళ్లు. అక్క రోజుల్లో రుచితో పాటు నీళ్లు దండగ కాకూడదన్నది కూడా చేరింది.

డయాలసిస్ మొదలైన రోజు సెంటర్లో ఒక అమ్మాయి బావకూ అక్కకూ ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పింది. పనస వద్దు. కొబ్బరినీళ్లు వద్దు. అరటిపండు వద్దు. రోజుకు లీటరు లోపే నీళ్లు. కూరగాయలు ఉడికించి వార్చి వండాలి. ఇవి రాసిన కాగితం కూడా ఇచ్చింది. నాలుగో తరగతి దాకా చదువుకున్న అక్క కూడబలుక్కుని చదివి, దాన్ని వంటగది తలుపుకు అంటించింది.

పనస వద్దన్నారంటే వద్దే. అప్పటి నుంచి అక్క బావ కంచంలో ఒక్క పొట్టు పోగు పడనివ్వలేదు. తొనలు ఒలిచే రోజున ఆయన్ను వీధి అరుగు మీద కూర్చోబెట్టేది. ఒకసారి నేను ఉండగానే ఆయన పీట దగ్గరికి వచ్చి, కత్తికి అంటుకున్న ముక్క తీయబోతే చేతిమీద కొట్టింది.

"నా సెట్టు కాయలు ఊరంతా తింటాది. నాకాడికొచ్చేసరికి ఇసమైపోనాది," అన్నాడు బావ.

"నీకే గాదు, నాకూ ఇసమే. నువ్వు పోతే నానేటి తినాల," అంది అక్క.

చారు అలా మొదలైంది. ముక్క లేదు కదా, ఆ నీళ్లైనా పొయ్యమని ఆయనే అడిగాడు. అక్క ఆలోచించింది. కాగితంలో పనస అని ఉంది. ఇది పసుపు నీళ్లు, చింతపండు. తెల్లగుడ్డ మడత పెట్టి రెండుసార్లు వడకట్టి, ఒక్క పోగు కూడా లేదని దీపం కింద పెట్టి చూసుకుని పోసింది. ఆయన రోజు నీళ్లలో అంత తగ్గించింది కూడా. ఆ ఎండల్లో ఆయనకు మంచినీళ్ల కంటే చారే ఇష్టంగా ఉండేది. వారానికి ఒకటి రెండుసార్లు, పొట్టు ఉడికించిన రోజుల్లో పోసేది. దాని గురించి సెంటర్లో చెప్పలేదు. చెప్పవలసిన సంగతి అని ఆమెకు తోచలేదు. ఆ చారు నేనూ తాగాను. నాకూ తోచలేదు.

ఆయన పోవడానికి ముందురోజు ఆదివారం. పలాసలో ఒక పెళ్లివాళ్లు ముప్పై కిలోల పొట్టు అడిగారు. అక్క తెల్లవారకముందు నుంచీ కొట్టింది. ఇంట్లో టిన్నులు రెండే ఉన్నాయి, ఆదివారం కనుక నీళ్ల బండి రాలేదు. మూడు వాయలూ ఒకే నీళ్లలో ఉడికించింది. చివరికి ఆ నీళ్లు చిక్కబడి, గంజిలా అయ్యాయి. మధ్యాహ్నం చారు ఎప్పటికంటే బాగుందని బావ అన్నాడట.

అదే రోజు ఉదయం ఆయన తోటకు వెళ్లాడు. ఒక్కడే. చిన్న మొక్కలకు నీళ్లు పోసి వస్తానని అక్కతో చెప్పాడు. పని తొందరలో ఆమె, తోడు ఎవరున్నారని అడగలేదు. గంటన్నరకు తిరిగి వచ్చాడు.

పోయిన నాలుగో రోజున నేనూ, పక్క తోట పెద్దాయనా కలిసి డబ్బా కొట్టుకుంటూ అక్కడికి వెళ్లాం. మిగిలిన కాయలు పండకముందే కోయించాలని. నడిమి చెట్టు కింద ఒక పండు పగిలి పడి ఉంది. సగం తొనలు లేవు. చీమలు పట్టాయి. ఆవులు వచ్చి తొక్కినట్టు కూడా ఉంది. పెద్దాయన దాన్ని కర్రతో తిప్పి చూసి, ఎలుగు వచ్చిందన్నాడు. నేను సరేనన్నాను. అప్పుడు నాకు అది ఒక పండు, అంతే. రెండు నిమిషాలకు మించి చూడలేదు.

పదహారో రోజున అక్క డయాలసిస్ సెంటరుకు వెళ్లింది. బావకు వచ్చే డయాలసిస్ పింఛను ఆపించడానికీ, వితంతు పింఛను తన పేర పెట్టించుకోవడానికీ ఏదో కాగితం కావాలన్నారు. అది వచ్చేదాకా బల్ల మీద కూర్చుంది. ఆ అమ్మాయే ఇంకొకామెకు, కొత్తగా చేరిన రోగి భార్యకు, ఏం తినాలో చెబుతోంది. కూరగాయలు ఉడికించిన నీళ్లు తప్పకుండా పారబొయ్యాలని, చెడ్డదంతా ఆ నీళ్లలోకే దిగుతుందని చెప్పింది. అక్క లేచి వెళ్లి, ఏ కూరగాయ నీళ్లు అని అడిగింది. ఏదైనా అంతేనమ్మా అంది ఆ అమ్మాయి. పనసైనానా అంటే, పనసైతే మరీను, అది అసలు వండుకోవద్దనే చెబుతాం కదా అంది.

కాగితం తీసుకోకుండానే అక్క మా ఇంటికి వచ్చింది. కాశీబుగ్గలో మా ఇల్లు అక్కడికి దగ్గరే. చెప్పులు విప్పింది గానీ లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. జరిగింది చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది. నా భార్య మంచినీళ్లు తెస్తే పుచ్చుకోలేదు.

నేను ఏదో చెప్పబోయాను. చారు ఒక్కటే కారణం కాదని, గురువారం డయాలసిస్ అయ్యాక మళ్లీ సోమవారం దాకా నాలుగు రోజుల ఎడం ఉందని, ఆ జబ్బులో ఎప్పుడైనా ఏమైనా కావచ్చని. ఇవన్నీ నిజాలే. అక్క వినలేదు. ఆమెకు కావలసింది వేరు.

"తోటలో పండు పగిలుందన్నావు గదా."

అవునన్నాను.

"పిక్కలు ఉన్నాయా, నేవా?"

ఆ ప్రశ్న ఎందుకో నాకు వెంటనే తెలిసింది. మా వైపు పిల్లలకు కూడా తెలిసిన సంగతే. ఎలుగు తొనను పిక్కతో సహా మింగేస్తుందని, పిక్కలు ఉన్నాయంటే మనిషి తిన్నాడని చెప్పుకుంటారు. తోటల్లో దొంగతనాల తగువులు అలాగే తీరుస్తారు. ఆదివారం ఉదయం ఒంటరిగా తోటకు వెళ్లిన మనిషి, అక్కడ పండు చూసి ఆగలేక దొంగచాటుగా తిన్నాడని ఆమెకు కావాలి. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి తనను మోసం చేసి ఉంటే బాగుండునని ఆమె కోరుకుంటోంది. అలాగైతే తన చేత్తో పోసిన చారు ఒక్కటే కారణం కాదు.

"ఉన్నాయి అక్కా, కొన్ని," అన్నాను.

"కొన్నంతే ఎన్ని? ఒక దగ్గరున్నాయా, సెదిరిపోయున్నాయా?"

నాకు గుర్తులేదు. ముప్పై ఏళ్లు ప్రమాదాల దగ్గరా, నేరాల దగ్గరా నిలబడి ఎన్ని అడుగుల దూరంలో ఏమున్నదో రాసుకున్నవాణ్ని. ఆ రోజు ఏమీ రాసుకోలేదు, సరిగా చూడలేదు. చెదిరి ఉన్నాయని చెప్పొచ్చు, ఒకచోట ఉన్నాయని చెప్పొచ్చు. ఏది చెప్పినా ఆమె నమ్ముతుంది.

"తెలీదే అక్కా. ఆవులు తొక్కేసినాయి," అన్నాను.

ఆమె నా మొహం వైపు చూసింది. "నువ్వు అబద్దమాడినా బాగుణ్ను," అంది. చెప్పులు వేసుకుంది.

మర్నాడు ఇద్దరం తోటకు వెళ్లాం. ఆ చోట ఎండిన చెక్క ముక్క తప్ప ఏమీ మిగల్లేదు. అక్క ఇసుకను చేత్తో కెలికి కెలికి చూసింది. ఐదు పిక్కలు దొరికాయి. అవి ఆ ఏటివో, పోయిన ఏటివో చెప్పలేం. పక్క తోట పెద్దాయన తన గట్టు మీద నుంచి చూసి దగ్గరకు వచ్చాడు. సంగతి తెలిశాక వంగి ఆ పిక్కలు చూశాడు.

"పిక్కలున్నంత మాత్రాన మనిసేనని నేదు తల్లీ. ఎలుగుకీ పల్లున్నాయి, కడుపు నిండితే అదీ పిక్క ఊసేత్తాది," అన్నాడు. ఓదార్చాననే అనుకున్నాడు. ఆమె మొగుడు మాట తప్పే మనిషి కాదని చెబుతున్నాననుకున్నాడు.

అక్క పిక్కలు అక్కడే వదిలేసింది. డాక్టరును అడుగుదామంది.

సెంటర్లో డాక్టరు మంచి మనిషి. రోగులు చాలామంది ఉన్నా మమ్మల్ని కూర్చోబెట్టాడు. అక్క మొత్తం చెప్పింది, ఏదీ దాచలేదు. ముప్పై కిలోల పొట్టు, మూడు వాయలు, ఒకే నీళ్లు, తోట, పండు. కాళ్లు బరువన్నాడని నేను చెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. రక్తంలో పొటాషియం అనేది పెరిగితే గుండె అలా ఆగిపోవచ్చని, చారులో అది ఉంటుందని, తొనల్లోనూ ఉంటుందని, నాలుగు రోజుల ఎడంలో రెండూ లేకపోయినా పెరగొచ్చని అన్నాడు. గుండెపోటు కూడా కావచ్చు, కిడ్నీ రోగుల్లో అదీ ఎక్కువేనన్నాడు.

"ఏది బాబూ మరి?" అంది అక్క.

ఆ రోజు రక్తం తీసి ఉంటే పొటాషియం సంగతైనా తెలిసేదని డాక్టరు చెప్పాడు. బావను ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. గుండెపోటా కాదా అన్నది పోస్టుమార్టంలో తేలి ఉండేది. అది అవసరమా అని ఆసుపత్రిలో అడిగినప్పుడు, అక్కర్లేదని సంతకం పెట్టింది నేను.